ఎదుటివాడికి జౌళ్లు కనిపించవు

మన దేశంలో ఒక ఎయిర్ పిస్టల్‌కి లైసెన్స్ కావాలా వద్దా అని తేల్చేవి రెండే కొలతలు. 2016 నాటి ఆయుధ నియమాల ప్రకారం గొట్టం కాలిబర్ (లోపలి వ్యాసం) 0.177 అంగుళం, అంటే 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. గొట్టం దాటే క్షణంలో గుండుకుండే శక్తి 20 జౌళ్లు దాటకూడదు. రెండూ హద్దులో ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. నేను కొన్నప్పుడు డీలరు గుర్తింపు కార్డు, చిరునామా పత్రం జిరాక్సులు తీసుకుని, రిజిస్టర్‌లో రాసుకుని, బిల్లు చేతిలో పెట్టాడు. అంతే. ఆ వస్తువు చూడ్డానికి ఎలా ఉందన్నది ఎక్కడా లెక్కలోకి రాలేదు. నా బాధంతా అక్కడే.

ఎందుకంటే నేను కొన్నది చూడ్డానికి అచ్చం వెబ్లీ మార్క్ 6 రివాల్వర్. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ తయారు చేసిన సైనిక రివాల్వర్ల వరసలో ఇది ఆఖరి పెద్ద మార్క్. 1887లో బ్రిటిష్ సైన్యం మొదటి మార్క్‌ని తీసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1915లో ఆరోది వచ్చింది. ఆరంగుళాల గొట్టం, ఆరు తూటాలు, .455 కాలిబర్. పాత మార్కుల్లో గుండ్రంగా వంపు తిరిగి ఉండే పిడి పోయి, అడుగున నలుచదరంగా తెగిన పిడి వచ్చింది. పిడి కింద తాడు కట్టుకునే రింగు. గుర్రం మీదో, కందకంలోనో చెయ్యి జారినా బురదలో పడిపోకుండా ఆ తాడు ఆపుతుంది. బరువు కిలో దాటుతుంది. ఇవన్నీ నా దగ్గరున్న నమూనాలో ఉన్నాయి, రింగుతో సహా.

దాన్ని తెరిచి చూపిస్తే తప్ప నేను ఎందుకు కొన్నానో చాలామందికి అర్థం కాదు. ఎడమవైపు, సుత్తికి కాస్త ముందు, బొటనవేలికి అందే చోట ఒక మీట ఉంటుంది. అది నొక్కి గొట్టాన్ని కిందికి వంచితే సిలిండర్‌తో సహా ముందుకు వాలిపోతుంది. వాలుతుండగానే సిలిండర్ నడిమధ్య నుంచి నక్షత్రం ఆకారంలో ఒక బిళ్ల పైకి లేచి, కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు ఆరింటినీ ఒకేసారి బయటికి ఎత్తేస్తుంది. ఇంకొంచెం వంచితే ఆ బిళ్ల టక్కున తిరిగి లోపలికి పడిపోతుంది. మళ్లీ ఆరు నింపి, గొట్టాన్ని పైకి లేపితే మీట దానంతట అది పట్టేస్తుంది. అదే కాలంలో రష్యా సైన్యం వాడిన 1895 నాగాంట్ రివాల్వర్‌లో ఏడు తూటాలు పడతాయి కానీ, కాల్చిన తొడుగులను పక్కనున్న చిన్న తలుపులోంచి ఒక్కొక్కటే పుల్లతో తోసి తియ్యాలి. ఎదుట శత్రువు ఉన్నప్పుడు ఈ రెంటికీ ఉన్న తేడా ఏమిటో పుస్తకంలో నేను ఎన్నోసార్లు చదివాను. చేత్తో తెరిచిన రోజున గాని అది ఒంటికి తెలియలేదు.

నాగాంట్‌కి ఇంకో గొప్పతనం ఉంది, అది చెప్పకుండా ముందుకు పోలేను. సుత్తి వెనక్కి లాగగానే దాని సిలిండర్ మొత్తం ముందుకు జరిగి గొట్టానికి అతుక్కుంటుంది. మామూలు రివాల్వర్లలో సిలిండర్‌కీ గొట్టానికీ మధ్య ఉండే సందులోంచి వాయువు కొంత కారిపోతుంది, నాగాంట్‌లో ఆ సందే మూసుకుపోతుంది. ఆ రివాల్వర్‌ని రూపొందించింది లియోన్ నాగాంట్ అనే బెల్జియం దేశస్థుడు. దాని ఎయిర్ పిస్టల్ నమూనాలు కూడా వచ్చాయి. యంత్రాలంటే ఇష్టమున్నవాళ్లకి ఇదంతా పండగే. అందుకే ఇలాంటి నమూనాలను మొత్తంగా నిషేధించాలనేవాళ్లతో నేను ఏకీభవించను.

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గది చూడని హైదరాబాదీ ఉండడు. చౌమహల్లా ప్యాలెస్‌లోనూ కత్తులూ తుపాకులూ వరసగా పెట్టారు. అసలు వస్తువును అద్దం వెనకే ఉంచాలి, అందులో వేరే మాట లేదు. కాకపోతే అద్దం వెనక ఉన్న రివాల్వర్ ఎప్పుడూ మూసే ఉంటుంది. అది ఎలా తెరుచుకుంటుందో, ఏ భాగం దేన్ని తోస్తుందో పిల్లలకి అక్కడ తెలిసే వీల్లేదు. నమూనా ఆ లోటు తీరుస్తుంది. తుపాకులతో మన ఊరికి పాత చుట్టరికమే ఉంది మరి. గన్‌ఫౌండ్రీ అని రోజూ ఆటోవాళ్ల నోట వినే పేరు, నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ పద్దెనిమిదో శతాబ్దం చివర్లో పెట్టిన ఫిరంగుల కార్ఖానాది. తోప్ కా సాంచా అని పాతవాళ్లు ఇప్పటికీ అంటారు. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ లాన్సర్లది. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దాకా పోయిన మన గుర్రపు దళం అది. వెబ్లీ మార్క్ 6 బ్రిటిష్ అధికారుల నడుముకు వేలాడిన కాలం కూడా అదే.

ఆ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. ఈ రివాల్వర్ మనది కాదు, మన మీద పెత్తనం చేసినవాళ్లది. 1878లో వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడు లైసెన్స్ లేకుండా ఆయుధం పట్టుకోకూడదంది, యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చింది. 1959లో మన చట్టం వచ్చేదాకా ఆ పాత చట్టమే అమల్లో ఉంది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా దాడి చేసింది తుపాకుల కోసం, తూటాల కోసం. ప్రజల చేతిలో లేనివి స్టేషన్‌లో ఉన్నాయి కాబట్టి. అంటే మన తాత ముత్తాతల అనుభవంలో తుపాకీ ఎప్పుడూ ఎదుటివాడి చేతిలోనే ఉంది. పట్టుకున్నవాడికి అది ఎలా ఉంటుందన్నది మనకి కొత్త సంగతి, చూసేవాడికి ఎలా ఉంటుందన్నది పాత సంగతి. నమూనా రివాల్వర్ గురించి ఆలోచించేటప్పుడు ఈ చూసేవాడి వైపు నుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు జౌళ్ల లెక్కకి వద్దాం. అసలు మార్క్ 6 తూటా 17 గ్రాముల పైచిలుకు, వేగం సెకనుకు దాదాపు 190 మీటర్లు. లెక్క కడితే 300 జౌళ్లు దాటుతుంది. నా నమూనాలో పడేది అర గ్రాము సీసపు గుండు, మన ఊళ్లో ఛర్రా అంటారే అదే. వేగం సెకనుకు 120, 130 మీటర్లు. నాలుగు జౌళ్ల చుట్టూ వస్తుంది. చట్టం పెట్టిన 20లో ఐదో వంతు. కంటికి తగిలితే కన్ను పోతుంది, అందులో సందేహం వద్దు. దగ్గర్నుంచి చర్మంలోకి దిగుతుంది కూడా. కాని చట్టం దృష్టిలో ఇది బాగా చిన్న వస్తువు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో బెలూన్లు కాల్చే స్టాల్‌లో పెద్ద ఎయిర్ గన్ చాలాసార్లు దీనికంటే శక్తిమంతంగా ఉంటుంది. అయినా ఆ ఎయిర్ గన్ చూసి ఎవరూ పరిగెత్తరు. ఇది బయటికి తీస్తే పరిగెత్తుతారు.

లోపలి పని ఎలా ఉంటుందో కూడా చెప్తాను, ఎందుకంటే మన వాతావరణానికి దీనితో లింకు ఉంది. పిడిలో 12 గ్రాముల సీఓటూ, అంటే కార్బన్ డయాక్సైడ్ క్యాప్సూల్ పడుతుంది. దాని మెడ మీద ఒక చుక్క సిలికాన్ ఆయిల్ వేసి, అడుగున స్క్రూ బిగిస్తే, ఒక్క క్షణం బుస్సుమని ఆగిపోతుంది. ఆగకపోతే వాషర్ పోయినట్టే. ప్రతి తొడుగు వెనక భాగంలో ఒక ఛర్రా కూర్చుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వాల్వ్‌ని కొట్టి కొంచెం వాయువును వదులుతుంది. క్యాప్సూల్‌లో ఉన్నది కొంత ద్రవం, కొంత వాయువు. ద్రవం మిగిలి ఉన్నంతసేపూ ఒత్తిడి ఉష్ణోగ్రతని బట్టే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర అది దాదాపు 57 బార్లు, కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్‌లో ద్రవం, వాయువు అనే తేడానే పోతుంది, అక్కణ్నుంచి ఒత్తిడి ఇంకా వేగంగా పెరుగుతుంది. విదేశీ మాన్యువల్‌లో రాసిన వేగాలు 20 డిగ్రీల గదివి. ఏప్రిల్‌లో మన గది అలా ఎక్కడుంటుంది? డిసెంబర్ పొద్దున ఛర్రా కిందికి పడుతుంది, మే మధ్యాహ్నం అదే గురికి పైకి పోతుంది. టపటపా ఆరు కాల్చేస్తే క్యాప్సూల్ చల్లబడి ఏడోది నీరసంగా పోతుంది, రెండు నిమిషాలు ఆగితే మళ్లీ కోలుకుంటుంది. క్యాప్సూళ్లను దాదాపు 50 డిగ్రీలు దాటే చోట ఉంచొద్దని ప్యాకెట్ల మీద హెచ్చరిక ఉంటుంది. ఎండలో పార్క్ చేసిన కారు డ్యాష్‌బోర్డ్ అంటే మన ఊళ్లో అదే చోటు. దయచేసి కార్లో వదిలెయ్యకండి.

అసలు వెబ్లీకి లేనిది ఒకటి నమూనాకి ఉంది, సేఫ్టీ మీట. 1915లో అధికారికి అక్కర్లేదనుకున్నది ఈనాడు ఇంట్లో పిల్లలుంటారని తయారీదారు జోడించాడు. చరిత్రకి అది చిన్న అబద్ధమే అయినా నాకేం అభ్యంతరం లేదు, మంచి అబద్ధం. నాకు నచ్చనిది ఇంకోటి ఉంది. ఇవే నమూనాలు యుద్ధంలో అరిగినట్టు, నల్లరంగు చెరిగి ఇనుము బయటపడ్డట్టు ఫ్యాక్టరీలోనే గీసి, రుద్ది అమ్ముతున్నారు. నిజమైన అరుగుదల ఎవరో మనిషి ఎన్నో ఏళ్లు తోలు ఒరలోంచి తీసి పెట్టడం వల్ల వచ్చింది. ఆ మనిషికి ఏమైందో, ఆ గొట్టం ఎదుట నిలబడ్డవాడికి ఏమైందో మనకి తెలియదు. దాన్ని ఒక రంగుగా అమ్మడం నాకు మనసొప్పదు. పైగా ఆ పాత రూపు వల్ల అది ఇంకా నిజమనిపిస్తుంది, దూరం నుంచి మరీ.

ఈ పోలికనే సరుకుగా అమ్మేవాళ్లున్నారు. కొనేముందు నేను తిరిగిన షాపుల్లో ఒకచోట కౌంటర్ మీదున్న అబ్బాయి నన్ను నవ్వుతూ ఒప్పించబోయాడు. “సార్, సెల్ఫ్ డిఫెన్స్‌కి కూడా మస్తు పనికొస్తది. కాల్చనక్కర్లే. తీసి చూపిస్తే చాలు, ఎవడైనా వెనక్కి పోతడు.” ఆ మాట విని అక్కడ కొనకుండా వచ్చేశాను. ఆ అబ్బాయికి తెలియని సంగతి ఒకటుంది. చేతిలో కత్తి ఉన్నవాడికి మీరు రివాల్వర్ చూపిస్తే వాడు వెనక్కి పోవచ్చు, పోకనూ పోవచ్చు. పోకపోతే మీ దగ్గర ఉన్నది నాలుగు జౌళ్లు. వాడు మాత్రం అది 300 జౌళ్లదే అనుకుని, ప్రాణభయంతో తెగబడతాడు. ఇంకా ఘోరమేమిటంటే, వాడి చేతిలోనూ నిజమైన నాటు పిస్టల్ ఉండొచ్చు. చూపిస్తే చాలు అనేది మన ఊళ్లో ఈ వస్తువు గురించి ప్రచారంలో ఉన్న అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. అది అమ్మేవాడి నోట రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక్కడ ఒక వాదన తరచూ వినిపిస్తుంది, అదీ చదువుకున్నవాళ్ల దగ్గర. ఇది వందేళ్ల కిందటి మ్యూజియం వస్తువు, ఈ రోజుల్లో దీన్ని చూసి నిజమనుకునేదెవరు అని. ఇంగ్లండ్‌లో ఆ మాట కొంత చెల్లుతుందేమో. మన దేశంలో బొత్తిగా చెల్లదు. కాన్పూర్ ఆయుధ కర్మాగారాలు పౌరుల కోసం తయారు చేసే .32 రివాల్వర్ వెబ్లీ మార్క్ 4 వంశంలోదే, అదే తీరులో మధ్యకి వంగి తెరుచుకుంటుంది. 2014లో ఆడవాళ్ల కోసమని విడుదల చేసిన తేలికపాటి నిర్భీక్ కూడా .32 రివాల్వరే, అదీ కాన్పూర్‌దే. 2020లో వెబ్లీ పేరుతోనే ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో .32 రివాల్వర్ల తయారీ మొదలైంది. అంటే ఈ ఆకారం మన దగ్గర బతికే ఉంది, లైసెన్స్ ఉన్నవాళ్ల ఇళ్లలో ఉంది. రాత్రి నాకాబందీలో నిలబడ్డ కానిస్టేబుల్‌కి అది చూడగానే తెలిసిన వస్తువు. అతన్ని పట్టుకుని ఇది చరిత్ర అని చెప్పడానికి మనకి టైం ఉండదు.

మా అక్క కొడుకు డిగ్రీ చదువుతున్నాడు. వాడికి ఇది ఎలా పనిచేస్తుందో మొత్తం నేర్పాను, తెరిచి మూసి క్లీన్ చెయ్యడం దాకా. ఒక ఆదివారం వచ్చి అడిగాడు.

“మామయ్యా, ఫ్రెండ్స్‌తో కేబుల్ బ్రిడ్జి పోతున్నం. ఒక్క రీల్ తీస్కొని తెచ్చిస్త. క్యాప్సూల్ కూడా వద్దు, ఖాళీదే ఇయ్యి.”

“ఇయ్యనురా.”

“అది నిజం గన్ కాదు కద మామయ్యా. నీకు తెల్సు, నాకు తెల్సు.”

“మనిద్దరికీ తెల్సు. బ్రిడ్జి మీద పోయెటోళ్లకి ఎట్ల తెలుస్తది?”

వాడు కాసేపు మొహం ముడుచుకున్నాడు. నేను వాణ్ని తప్పు పట్టను. పెళ్లి బరాత్‌ల్లో, పుట్టినరోజు కేకుల దగ్గర కత్తులూ పిస్టళ్లూ చేత పట్టి ఫొటోలు దిగడం చుట్టూ చూస్తూ పెరిగిన కుర్రాడు. వాడి లెక్కలో ఖాళీ అంటే నిరపాయం. క్యాప్సూల్ లేదు, ఛర్రా లేదు, జౌళ్లు సున్నా. మన నియమాలు నేర్పింది కూడా ఇదే లెక్క కదా, శక్తి లేకపోతే ప్రమాదం లేదని. చదువుకున్న పిల్లవాడు అదే పాఠాన్ని బ్రిడ్జి మీదికి తీసుకెళ్లాలనుకున్నాడు.

2014 నవంబర్ 22న అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో టామిర్ రైస్ అనే పన్నెండేళ్ల పిల్లవాడు పార్కులో ప్లాస్టిక్ గుళ్లు కాల్చే ఒక ఎయిర్‌సాఫ్ట్ పిస్టల్ నమూనాతో తిరుగుతున్నాడు. ఎవరో ఫోన్ చేశారు. బహుశా అది నకిలీదేమో అని కూడా ఆ ఫోన్‌లో చెప్పారు. పోలీసు కారు ఆగిన రెండు సెకన్లలోపే ఒక అధికారి వాణ్ని కాల్చాడు, మర్నాడు పిల్లవాడు చనిపోయాడు. ఆ పోలీసుల తొందర మీద, ఆ దేశంలో నల్లపిల్లల పట్ల పోలీసుల తీరు మీద జరగాల్సిన చర్చ చాలా ఉంది, అది న్యాయమైనదే. నేను ఇక్కడ పట్టుకునేది ఒక్క సంగతి. ఆ బొమ్మకి గొట్టం చివర నారింజ రంగు ముక్క ఉండాలి, అది ఊడిపోయి ఉంది. అమెరికాలో బొమ్మ తుపాకులకి ఆ రంగు ముక్క తప్పనిసరి అని 1988లోనే చట్టం చేశారు. ఛర్రాలు కాల్చే ఎయిర్ గన్‌లని ఆ చట్టంలోంచి తప్పించారు.

కాబట్టి మన దగ్గర కూడా నారింజ రంగు పూయమని అడిగేవాళ్లకి నేను ఒప్పుకోను. ఆ ముక్క ఊడుతుంది, పీకేస్తారు, నల్లరంగు కొడతారు. దానికి తోడు చరిత్ర నమూనాకి నారింజ మూతి పెడితే అది ఎందుకు పనికొస్తుందో ఆ పనే చెడుతుంది. అసలు ప్రమాదం వస్తువులో లేదు, అది ఉన్న చోటులో ఉంది. నా గదిలో బల్ల మీద ఉన్నప్పుడు అది పాఠం. పంజాగుట్ట చౌరస్తాలో బైక్ వెనక కూర్చున్నవాడి నడుముకు ఉంటే అదే భయం. రెండు చోట్లా కాలిబర్ ఒకటే, జౌళ్లు ఒకటే.

చోటుని పట్టుకునే చట్టం ఎలా ఉంటుందో బ్రిటన్‌లో చూడొచ్చు. వాళ్ల 1968 తుపాకుల చట్టంలో 19వ సెక్షన్ ఉంది. సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో ఎయిర్ గన్ వెంట ఉంచుకుంటే నేరం. 2003లో దాన్ని సవరించి, అందులో గుండు ఉన్నా లేకపోయినా నేరమే అన్నారు, నకిలీ తుపాకులను కూడా అదే సెక్షన్‌లోకి తెచ్చారు. ఆ తర్వాత 2006 చట్టంతో నిజంలా కనిపించే నకిలీల తయారీ, అమ్మకం మీద ఆంక్షలు పెట్టి, మ్యూజియాలు, నాటకాలు, సినిమాలు, చారిత్రక ప్రదర్శనలకి వెసులుబాటు ఇచ్చారు. ఆ చట్టంలో నాకు భలే నచ్చిన గీత ఒకటుంది. 1870కి ముందు నాటి తరహా ఆకారం ఉన్నవాటిని ఆధునిక తుపాకీగా లెక్కించరు. అంటే మందు దంచి కాల్చే పాత తుపాకీ నమూనాని చూసి జనం హడలిపోరని వాళ్లు ఒప్పుకున్నారు. ఆ గీత ప్రకారం వెబ్లీ రివాల్వర్ ఆకారం ఆధునికమైనదే. వెబ్లీ పుట్టిన దేశమే దాన్ని పాతవస్తువు అనలేకపోయింది.

మన నియమాల్లో నేను అడిగేది ఈ ఒక్క మార్పు. లైసెన్స్ వద్దు, నిషేధం వద్దు, రంగు వద్దు. నిజమైన తుపాకీలా కనిపించే ఎయిర్ పిస్టల్‌ని సరైన కారణం లేకుండా బహిరంగ ప్రదేశంలో బయటికి తీసినా, నడుముకు పెట్టుకున్నా నేరం అనాలి. పెట్టెలో పెట్టి తాళం వేసి తీసుకెళ్లడానికి ఏ అడ్డూ ఉండకూడదు. బెదిరిస్తే శిక్షించడానికి భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ ఉందిగా అంటారు కొందరు. ఉంది, కానీ అది బెదిరింపు జరిగాక, బెదిరించే ఉద్దేశం ఉందని తేలాక. మా వాడికి ఎవర్నీ బెదిరించే ఉద్దేశం లేదు, వాడికి కావలసింది రీల్. ఆ రీల్ తీస్తుంటే ఎదురుగా స్కూటీ మీద వస్తున్న ఆవిడ బెదిరి సడన్ బ్రేక్ వేస్తే? అక్కడ ఉద్దేశం ఎవరిది? ప్రవర్తనని పట్టుకునే పద్ధతి మన చట్టానికి కొత్త కూడా కాదు. పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో సరదాకి తుపాకీ పేల్చేవాళ్లకి రెండేళ్ల దాకా జైలో, లక్ష రూపాయల దాకా జరిమానానో, రెండూనో పడేలా 2019 సవరణలో పెట్టారు. అది నిజమైన తుపాకుల సంగతి. దాని పక్కన ఇంకో చిన్న వాక్యం చేర్చడం పెద్ద పని కాదు.

షూటింగ్ క్రీడాకారులకి ఇబ్బంది కాదా అని ఒక మిత్రుడు అడిగాడు. అతని కూతురు రేంజ్‌కి వెళ్తుంది. ఏం కాదు. పోటీల్లో వాడే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ చూసినవాళ్లు దాన్ని ఎప్పటికీ రివాల్వర్ అనుకోరు. గొట్టం కింద పొడుగాటి గాలి సిలిండర్, అరచేతిని చుట్టేసే చెక్క పిడి, పరికరంలా ఉంటుంది. దాని ట్రిగ్గర్ 500 గ్రాముల బరువుకి కదిలితే చాలు. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆ విభాగంలో వ్యక్తిగత రజతం తెచ్చింది. వెబ్లీ నమూనా ట్రిగ్గర్‌ని సుత్తి ఎత్తకుండా లాగాలంటే వేలు నొప్పి పుడుతుంది. ఆట నేర్చుకోవాలనుకునే పిల్లలకి తల్లిదండ్రులు ఇది కొనివ్వకండి, రేంజ్‌లో చేర్పించండి. అక్కడ మొదటి రోజు నేర్పేదే గొట్టం ఎటు చూడాలో, పెట్టె ఎప్పుడు తెరవాలో. క్రీడాకారులు ఎలాగూ పెట్టె లేకుండా బయటికి తియ్యరు, నేనడిగే నియమం వాళ్లకి ఇప్పటికే అలవాటు.

నేరస్థులు నాటు పిస్టళ్లు వాడుతుంటే మాలాంటి అభిరుచి ఉన్నవాళ్ల మీద కొత్త చట్టమెందుకని నాతో పాటు ఇలాంటివి దాచుకునేవాళ్లే కోప్పడతారు. వాళ్లకి నా జవాబు ఒకటే. ఒక్క పిచ్చి సంఘటన జరిగితే చాలు, టీవీల్లో రెండు రోజులు తిరిగితే చాలు, మొత్తం నిషేధం పెట్టమని అందరూ అంటారు. అప్పుడు 20 జౌళ్ల లెక్క మనల్ని కాపాడదు. చోటు గురించిన నియమాన్ని మనమే ముందు అడిగితే వస్తువు మన దగ్గర మిగులుతుంది.

చట్టం వచ్చేదాకా అమ్మేవాళ్లు చెయ్యగలిగింది చాలా ఉంది. తాళం వేసే పెట్టె లేకుండా నమూనా అమ్మకూడదు. బిల్లుతో పాటు ఒక పేజీ కాగితం తెలుగులో, ఉర్దూలో ఇవ్వాలి. ఇంట్లో ఎలా కాల్చాలో అందులో రాయాలి. ఉక్కు బీబీలు, అంటే చిన్న గుండ్రటి గుళ్లు, గట్టి చోట తగిలి మొహం మీదికి తిరిగొస్తాయి, సీసపు ఛర్రాలు చాలావరకు అణిగిపోతాయి కాబట్టి అవే నయం. ఏది కాల్చినా కళ్లద్దాలు తప్పనిసరి. వెనక మందంగా పాత పేపర్ల కట్టలు కుక్కిన అట్టపెట్టె ఉండాలి. బాల్కనీలో, టెర్రస్ మీద అసలు వద్దు. సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. దీన్ని ఎవరికీ చూపించి భయపెట్టకూడదు అన్న మాట ఆ కాగితంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి, పైన మొదటి వరుసలో.

ఓల్డ్ అల్వాల్‌లో ఉండే నా మిత్రుడి దగ్గర నాగాంట్ నమూనా ఉంది. అప్పుడప్పుడూ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాం. వెళ్లేటప్పుడు క్యాప్సూల్ తీసేస్తాను, తొడుగులు వేరే డబ్బాలో వేస్తాను, పెట్టెకి తాళం వేసి కారు డిక్కీలో పెడతాను, బిల్లు జిరాక్స్ పెట్టె మూతకి లోపలివైపు అంటించి ఉంటుంది. దారిలో ఎక్కడా పెట్టె తెరవను. ఇంట్లోకి వెళ్లి, కర్టెన్లు వేశాకే తీస్తాం. మా అక్క కొడుకు కూడా ఈ మధ్య వస్తున్నాడు, వీడియోలు అక్కడే బల్ల మీద తీస్తున్నాడు. నాగాంట్ సిలిండర్ ముందుకు జరిగేది స్లో మోషన్‌లో తీశాడు, బాగా వచ్చింది.